తక్కెడ పట్టిన చెయ్యి: బిలాస్‌పూర్ నుంచి హస్‌దేవ్ దాకా

అభివృద్ధికీ పర్యావరణానికీ మధ్య సమతుల్యం సాధించాలన్న మాటతో ఈ దేశంలో ఎవరికీ పేచీ లేదు. పర్యావరణ మంత్రి ప్రసంగంలోనూ, బొగ్గు మంత్రి ప్రసంగంలోనూ, న్యాయస్థానాల తీర్పుల్లోనూ, గనులు తవ్వే కంపెనీల వార్షిక నివేదికల్లోనూ ఆ మాటే వినిపిస్తుంది. బద్ధ విరోధులు సైతం ఇంత సులువుగా ఏకీభవించే మాట మీద మనకు అనుమానం కలగాలి. సమతుల్యం అంటే తక్కెడ. ఏ పళ్లెంలో ఏం వేశారని అందరూ తొంగి చూస్తారు. చెట్లెన్ని, టన్నులెన్ని, ఉద్యోగాలెన్ని, ఏనుగులెన్ని అని లెక్కలు వేస్తారు. ఆ తక్కెడను పట్టుకున్న చెయ్యి ఎవరిదని మాత్రం అడగరు.

ఆ చెయ్యి కనిపించే ఊరు బిలాస్‌పూర్.

తెలుగువారికి బిలాస్‌పూర్ పరాయి ఊరు కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1891లో నాగ్‌పూర్ నుంచి అసన్‌సోల్ దాకా ప్రధాన మార్గాన్ని పూర్తి చేసిన తర్వాత ఆ కంపెనీ పట్టాల వెంట ఉత్తరాంధ్ర కుటుంబాలు ఖరగ్‌పూర్‌కు, రాయ్‌పూర్‌కు, బిలాస్‌పూర్‌కు తరలివెళ్లాయి. 1931లో రాయ్‌పూర్–విజయనగరం మార్గం పూర్తయిన తర్వాత ఆ రాకపోకలు మరింత పెరిగాయి. షెడ్డులో ఫిట్టర్లుగా, గ్యాంగ్‌మెన్లుగా, ఫైర్‌మెన్లుగా చేరిన వారి మూడో నాలుగో తరం నేటికీ అక్కడి రైల్వే కాలనీల్లో తెలుగు మాట్లాడుతూనే ఉంది. కోర్బా నుంచి బిలాస్‌పూర్ మీదుగా విశాఖపట్నం వచ్చే ఎక్స్‌ప్రెస్ ఆ బంధుత్వానికి నడిచే ఆనవాలు.

ఆ ఊరిలో మూడు కార్యాలయాలున్నాయి. ఒకటి ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయం. 2003లో ఏర్పడిన ఈ జోన్ ఇప్పుడు ఏటా 20 కోట్ల టన్నులకు పైగా సరుకు ఎక్కిస్తున్నది. అందులో సింహభాగం బొగ్గే. రెండవది కోల్ ఇండియా అనుబంధ సంస్థ అయిన సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ప్రధాన కార్యాలయం. కోర్బాలోని గేవ్రా, కుస్‌ముండా, దీప్‌కా వంటి బ్రహ్మాండమైన గనులు దీని చేతిలో ఉన్నాయి. మూడవది 2000 నవంబరు 1న రాష్ట్రంతో పాటు పుట్టిన ఛత్తీస్‌గఢ్ హైకోర్టు. బొగ్గు తవ్వేవారు, మోసేవారు, దాని మీద తగవు వస్తే తీర్పు చెప్పేవారు అందరూ ఒకే ఊళ్లో ఉన్నారు. ఎవరి భూమి కింద ఆ బొగ్గు ఉందో వారు మాత్రం అక్కడికి ఈశాన్యాన, కోర్బా, సర్గుజా, సూరజ్‌పూర్ జిల్లాల అడవుల్లో ఉన్నారు. బిలాస్‌పూర్‌కు వారు వచ్చేది చాలావరకు కోర్టు వాయిదాలకే.

ఆ అడవి పేరు హస్‌దేవ్ అరండ్. దాదాపు 1 లక్ష 70 వేల హెక్టార్ల మేర విస్తరించిన సాల వృక్షారణ్యం. దాని కింద 500 కోట్ల టన్నులకు పైగా బొగ్గు ఉందని అంచనా. హస్‌దేవ్ నదికి ఇదే పరీవాహక అడవి. ఆ నదిపై కట్టిన మినీమాతా బాంగో జలాశయమే దిగువన జాంజ్‌గీర్–చాంపా వరి పొలాలకు ఆధారం. అంటే అక్కడ చెట్టు కూలితే నష్టం గోండులకూ ఏనుగులకూ పరిమితం కాదు, రెండో పంట వేసుకునే మైదాన రైతుదాకా వస్తుంది. 2009–10లో కేంద్ర పర్యావరణ శాఖ, బొగ్గు శాఖ కలిసి జరిపిన పరిశీలనలో ఈ ప్రాంతమంతా గనులు తవ్వరాని ప్రాంతమని, ఆ రోజుల భాషలో ‘నో గో’ అని తేల్చారు. ఆ నిర్ణయానికి రెండేళ్ల ఆయువు కూడా దక్కలేదు.

2011 జూన్‌లో అటవీ సలహా సంఘం పర్సా ఈస్ట్–కేతే బాసన్ గనికి అనుమతి ఇవ్వవద్దని సిఫారసు చేసింది. అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ ఆ సిఫారసును పక్కనబెట్టి అనుమతి ఇచ్చారు. ఈ గని అసలైన అడవిలో లేదు, అంచున ఉంది, మధ్యన ఒక కొండ వరుస అడ్డుగా ఉంది అన్నది ఆయన చెప్పిన కారణాల్లో ముఖ్యమైనది. ఆ అంచు గురించి ఒక్క మాట చెప్పుకోవాలి. అడవి అంచున గని వస్తే, గని అంచున ఉన్న అడవి కొత్త అంచు అవుతుంది. పర్సా ఈస్ట్–కేతే బాసన్ తరువాత పర్సా వచ్చింది. ఇప్పుడు కేతే ఎక్స్‌టెన్షన్ వరుసలో ఉంది. దాని భూమి దాదాపు మొత్తం అడవే. ‘అంచు’ అనే మాట అడవిని ఎంత లోపలికైనా తీసుకుపోగలదు.

ఆ అనుమతిని బిలాస్‌పూర్‌కు చెందిన ఒక న్యాయవాది జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో సవాలు చేశారు. 2014 మార్చిలో ట్రిబ్యునల్ అనుమతిని రద్దు చేసి, జీవవైవిధ్యం, ఏనుగుల సంచారం వంటి విషయాలను మళ్లీ పరిశీలించి చెప్పమని అటవీ సలహా సంఘాన్ని ఆదేశించింది. నెల తిరిగేసరికి సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని నిలిపివేసింది. తవ్వకం మాత్రం నిలువలేదు. 2025 ఏప్రిల్‌లో హైదరాబాద్ పక్కన కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల వివాదంలో బుల్‌డోజర్లు దిగిన కొద్ది రోజులకే ఇదే సుప్రీంకోర్టు స్వయంగా కల్పించుకొని పనులు ఆపించింది. ఆపించడం సబబే. విద్యార్థులు పోరాడారు, సినీ తారలు మాట్లాడారు, టీవీలు చూపించాయి. హస్‌దేవ్‌లో అంతకు ఎన్నో రెట్ల అడవి పోయింది. 2024 జూలైలో రాజ్యసభకు పర్యావరణ మంత్రి భూపేందర్ యాదవ్ ఇచ్చిన సమాధానం ప్రకారం పర్సా ఈస్ట్–కేతే బాసన్ గనిలో అప్పటికి 94,460 చెట్లు కొట్టేశారు, రానున్న సంవత్సరాల్లో మరో 2,73,757 చెట్లు కొట్టవలసి ఉంది. బదులుగా 53 లక్షల 40 వేల మొక్కలు నాటారట, వాటిలో దాదాపు 40 లక్షల 93 వేలు బతికాయట. కాగితం మీద చూస్తే అడవి నలభై రెట్లు పెరిగింది. నూరేళ్ల సాల వృక్షాన్నీ నర్సరీ మొక్కనూ ఒక్కొక్కటిగా లెక్కపెట్టే గణితం ఇది. దీనినే మన పాలకులు సమతుల్యం అంటారు.

రాజకీయ పక్షాల సంగతి చూద్దాం. తిలా పాపం తలా పిడికెడు అన్న సామెతకు హస్‌దేవ్ కంటే మంచి ఉదాహరణ దొరకదు. గనికి అనుమతి ఇచ్చింది యూపీఏ ప్రభుత్వం. 2015 జూన్‌లో మదన్‌పూర్ గ్రామానికి వచ్చి ఆదివాసుల పక్షాన నిలుస్తామని మాట ఇచ్చింది రాహుల్ గాంధీ. 2018లో అధికారంలోకి వచ్చింది ఆయన పార్టీయే. 2021 అక్టోబరులో హస్‌దేవ్ గ్రామాల ప్రజలు దాదాపు 300 కిలోమీటర్లు నడిచి రాయ్‌పూర్ చేరుకున్నారు. తమ గ్రామసభల తీర్మానాలను ఫోర్జరీ చేశారని, విచారణ జరపాలని వారు గవర్నర్‌ను వేడుకున్నారు. పాదయాత్ర ముగిసిన ఎనిమిది రోజులకు కేంద్రంలోని బీజేపీ ప్రభుత్వం పర్సా గనికి తుది అటవీ అనుమతి ఇచ్చింది. 2022 మార్చిలో రాజస్థాన్ కాంగ్రెస్ ముఖ్యమంత్రి అశోక్ గెహ్లాట్ స్వయంగా రాయ్‌పూర్ వచ్చి తమ విద్యుత్ కేంద్రాలకు బొగ్గు కావాలని కోరారు. కొద్ది రోజుల్లోనే ఛత్తీస్‌గఢ్ కాంగ్రెస్ ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ రెండు గనులకూ పచ్చజెండా ఊపారు. విమర్శించిన వారిని ముందు మీ ఇళ్లలో కరెంటు ఆపుకోండి అన్న ధోరణిలో ఎత్తిపొడిచారు కూడా.

తరువాత జరిగినది ఇంకా చిత్రం. 2022 జూలై 26న ఛత్తీస్‌గఢ్ శాసనసభ హస్‌దేవ్‌లోని బొగ్గు బ్లాకులన్నింటినీ రద్దు చేయమని కేంద్రాన్ని కోరుతూ ఏకగ్రీవంగా తీర్మానించింది. అధికార పక్షం, ప్రతిపక్షం చేతులు కలిపాయి. ఆ తీర్మానాన్ని ప్రతిపాదించింది జనతా కాంగ్రెస్ సభ్యుడు ధరమ్‌జీత్ సింగ్. మరుసటి ఏడాది ఆయన బీజేపీలో చేరి బిలాస్‌పూర్ జిల్లా తఖత్‌పూర్ నుంచి గెలిచారు. 2023 ఎన్నికల్లో సర్గుజా ప్రాంతంలోని 14 స్థానాలనూ కాంగ్రెస్ కోల్పోయింది. గని వ్యతిరేక ఉద్యమానికి బహిరంగంగా అండగా నిలిచిన మంత్రి టి.ఎస్. సింగ్‌దేవ్ సైతం అంబికాపూర్‌లో 94 ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఆ ఓటమికి హస్‌దేవ్ ఒక్కటే కారణమని నేను అనను. కానీ మాట తప్పిన పార్టీని అడవి ప్రజలు గుర్తుంచుకోలేదని ఎవరైనా అనగలరా? డిసెంబరు 13న బీజేపీ తరఫున ఆదివాసీ నాయకుడు విష్ణుదేవ్ సాయ్ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. 21న పోలీసు బందోబస్తు మధ్య హస్‌దేవ్‌లో రంపాలు దిగాయి. ఏకగ్రీవ తీర్మానంలో భాగమైన పార్టీ అధికారంలోకి వచ్చిన ఎనిమిదో రోజు అది. ముఖ్యమంత్రి కుర్చీలో ఆదివాసీ కూర్చున్నంత మాత్రాన గ్రామసభకు అధికారం వచ్చినట్లు కాదని అంతకంటే స్పష్టంగా చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు.

ఇది నాయకుల నైతికత సమస్య మాత్రమే అయితే వ్యాసం రాయనక్కరలేదు, ఓటు చాలు. అసలు కీలకం చట్టంలో ఉంది. తెలుగు పాఠకులు ఈ భాగాన్ని కాస్త ఓపికగా చదవాలి, ఎందుకంటే ఇందులో మన వాటా ఉంది.

విశాఖ జిల్లా అనంతగిరి మండలంలో గిరిజన భూములను ప్రైవేటు గని కంపెనీలకు లీజుకిచ్చిన వ్యవహారంలో 1997 జూలై 11న సుప్రీంకోర్టు ‘సమత’ తీర్పు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లోని 1/70 చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడు ఎవరైనా భూమి పొందడం చెల్లదు, ప్రభుత్వం కూడా ఆ నిషేధానికి అతీతం కాదు, కాబట్టి ప్రైవేటు కంపెనీలకు ఇచ్చిన లీజులు చెల్లవు అన్నది జస్టిస్ కె. రామస్వామి నేతృత్వంలోని మెజారిటీ తీర్పు సారం. తవ్వవలసి వస్తే ప్రభుత్వ సంస్థ గానీ గిరిజన సహకార సంఘాలు గానీ తవ్వాలి, లాభంలో కనీసం 20 శాతం అక్కడి ప్రజల కోసం కేటాయించాలి అని కూడా చెప్పింది. అభివృద్ధినీ భూమినీ న్యాయాన్నీ ఒకే చోట నిలబెట్టేందుకు ఈ దేశంలో జరిగిన గట్టి ప్రయత్నాల్లో అది ఒకటి. అది మన ఏజెన్సీ గ్రామాల నుంచి పుట్టింది.

ఆ తీర్పు దారి ఎక్కడ మూసుకుపోయింది? కోర్బాలో. 2001లో వాజ్‌పేయి ప్రభుత్వం భారత్ అల్యూమినియం కంపెనీలో 51 శాతం వాటాను స్టెరిలైట్‌కు అమ్మినప్పుడు కార్మికులు 67 రోజులు సమ్మె చేశారు. కొత్త రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అజిత్ జోగి ఎదిరించారు. గిరిజన భూమిపై ఉన్న కర్మాగారాన్ని ప్రైవేటుకు అప్పగించడం సమత తీర్పుకు విరుద్ధమని వాదించారు. అదే ఏడాది డిసెంబరు 10న సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. ఛత్తీస్‌గఢ్‌కు వర్తించే భూమి చట్టంలో ఆంధ్ర చట్టం వంటి నిషేధం లేదన్నది, పైగా సమత తీర్పు మీదనే గట్టి సందేహాలు వ్యక్తం చేసింది. అనంతగిరి గోడు కోర్బా గిరిజనుడికి వర్తించదని తేలింది. ఐదో షెడ్యూలు ఒకటే, రాజ్యాంగం ఒకటే, రాష్ట్రం సరిహద్దు దాటితే రక్షణ మారిపోతుంది.

ఆ తరువాత వచ్చిన ఏర్పాటు మరింత తెలివైనది. బొగ్గు బ్లాకును ప్రభుత్వ సంస్థకు కేటాయిస్తారు. తవ్వి, కడిగి, పంపే పనిని ఆ సంస్థ ప్రైవేటు కంపెనీకి దశాబ్దాల కాంట్రాక్టుకు ఇస్తుంది. హస్‌దేవ్‌లో గని రాజస్థాన్ రాజ్య విద్యుత్ ఉత్పాదన్ నిగమ్ పేరున ఉంది, తవ్వుతున్నది అదానీ సంస్థ. కాగితం మీద ఇది ప్రభుత్వ గని. భూమి సేకరించేందుకు ఇక్కడ 1957 నాటి బొగ్గు భూముల సేకరణ చట్టం ఆయుధమవుతుంది. 2013 భూసేకరణ చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభ ముందస్తు సమ్మతి కావాలంటుంది. అయితే అదే చట్టం నాలుగో షెడ్యూలులో కొన్ని పాత చట్టాలకు మినహాయింపు ఉంది, బొగ్గు చట్టం అందులో ఒకటి. 2015లో కేంద్రం ఆ మినహాయింపును కొంత సవరించి పరిహారం, పునరావాసం బొగ్గు భూములకూ వర్తింపజేసింది. సమ్మతిని మాత్రం వర్తింపజేయలేదు. అంటే బొగ్గు ఉన్న ఊరికి డబ్బు అడిగే హక్కు ఉంది, వద్దనే హక్కు లేదు. ఈ చట్టం కింద జరిగిన పర్సా భూసేకరణను సవాలు చేసిన పిటిషన్లను బిలాస్‌పూర్ హైకోర్టు 2022 మేలో కొట్టివేసింది.

అటవీ హక్కుల చట్టం ఉంది కదా అని మీరు అడగవచ్చు. ఉంది. ఘాట్‌బర్రా గ్రామానికి ఆ చట్టం కింద సామూహిక అటవీ హక్కు పత్రం 2013లో దక్కింది. 2016 జనవరి 8న జిల్లా అధికారులు దానిని రద్దు చేశారు. ఆ హక్కును అడ్డుపెట్టుకొని గ్రామస్తులు గని పనులకు ఆటంకం కలిగిస్తున్నారన్నది చెప్పిన కారణం. హక్కును హక్కులా వాడుకున్నందుకు హక్కు పోయింది! ఒకసారి గుర్తించిన హక్కును ఇలా వెనక్కి తీసుకునే నిబంధన ఆ చట్టంలో ఎక్కడా లేదు. ఇక సాల్హీ, హరిహర్‌పూర్, ఫతేపూర్ గ్రామసభల సమ్మతి తీర్మానాలు నకిలీవన్న ఆరోపణకు 2024లో రాష్ట్ర షెడ్యూల్డ్ తెగల కమిషన్ విచారణ కూడా బలం చేకూర్చింది. పక్కనే ఒడిశాలో నియమగిరి విషయంలో 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు నిర్ణయాన్ని గ్రామసభలకు వదిలింది. పన్నెండు గ్రామసభలూ వేదాంత గనిని తిరస్కరించాయి. బొగ్గుకు ఆ మర్యాద ఇంతవరకు దక్కలేదు.

ఎదుటి పక్షం వాదనల్లో బలం లేదనడం నిజాయితీ కాదు. బఘేల్ ఎత్తిపొడుపు వెనుక ఒక నిజం ఉంది. బొగ్గు ఆగితే విద్యుత్ ఆగుతుంది, మొదట చీకటి పడేది పేదవాడి ఇంట్లోనే. రాజస్థాన్‌లో బోరుబావి మీద బతికే రైతు ఆదివాసికి శత్రువు కాడు. అయితే ఈ వాదన హస్‌దేవ్‌కు వర్తిస్తుందా? 2023లో సుప్రీంకోర్టుకు ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వమే సమర్పించిన అఫిడవిట్ ప్రకారం, ఈ బొగ్గు మీద ఆధారపడిన రాజస్థాన్ కేంద్రాల సామర్థ్యం 4,340 మెగావాట్లు. ఇప్పటికే తెరిచిన పర్సా ఈస్ట్–కేతే బాసన్‌లో మిగిలిన 35 కోట్ల టన్నులు వాటికి సుమారు 20 ఏళ్లు సరిపోతాయి. కొత్త గనుల అవసరం లేదని అర్థం. భారత వన్యప్రాణి సంస్థ కూడా 2021లో తవ్వకాన్ని ఇప్పటికే నడుస్తున్న గనికే పరిమితం చేయాలన్నది. దేశంలోని ఏనుగుల్లో ఒక శాతం కూడా లేని ఛత్తీస్‌గఢ్‌లో, ఏనుగుల దాడుల మరణాలు దేశం మొత్తంలో 15 శాతానికి పైగా ఉన్నాయని గుర్తు చేసింది. అడవి ముక్కలైన కొద్దీ ఆ మరణాలు పెరుగుతాయి. చచ్చేది జైపూర్‌లోనో అహ్మదాబాద్‌లోనో కూర్చున్నవారు కారు.

గని కావాలనే గ్రామస్తులు కూడా ఉన్నారు. ఉద్యోగం, బడి, ఆసుపత్రి, రోడ్డు ఎవరికి చేదు? డెబ్బై ఏళ్లుగా ప్రభుత్వం ఇవ్వని బడిని గని కంపెనీ ఇస్తే తల్లిదండ్రులు పిల్లలను పంపుతారు. అందులో వారి తప్పు ఏమీ లేదు. ఆ బడి కోసం అడవిని తాకట్టు పెట్టవలసిన పరిస్థితి తెచ్చిన వారిని అడగాలి. కోర్బా అనుభవం చూడండి. రెండెకరాలు పోతే ఒక ఉద్యోగం అన్నది కోల్ ఇండియా లెక్క. రెండెకరాలకు తక్కువ ఉన్న రైతు పరిస్థితి ఏమిటి? కుస్‌ముండా గని నిర్వాసితులు ఇచ్చిన ఉద్యోగాల హామీ కోసం 2021 చివరి నుంచి ధర్నాకు కూర్చోవలసి వచ్చింది. గని ప్రాంతాల అభివృద్ధి కోసం 2015లో పెట్టిన జిల్లా ఖనిజ నిధి డబ్బుతో కోర్బా రాష్ట్రంలోనే సంపన్న జిల్లాల్లో ఒకటి కావలసింది. ఆ నిధి మీద అవినీతి కేసులు నడుస్తున్నాయి. రవాణా అయ్యే ప్రతి టన్ను బొగ్గుకూ 25 రూపాయలు అక్రమంగా గుంజారన్న ఈడీ ఆరోపణ మీద వేరే కేసు నడుస్తున్నది. కోర్టులు తేల్చేదాకా అవి ఆరోపణలే. నిధి వచ్చింది, న్యాయం రాలేదు అన్నది మాత్రం ఆరోపణ కాదు.

బిలాస్‌పూర్ రైల్వే పట్టణానికే ఈ అభివృద్ధి ఏం ఇచ్చిందో కూడా చూడాలి. 2022 వేసవిలో బొగ్గు కొరత వచ్చినప్పుడు బొగ్గు రేకులకు దారి ఇవ్వడానికి ప్రయాణికుల రైళ్లను మూకుమ్మడిగా రద్దు చేశారు. ముఖ్యమంత్రి ఫిర్యాదు చేయవలసి వచ్చింది. ఒక్కో రేకు దాదాపు 4 వేల టన్నుల బొగ్గుతో సాగిపోతుంటే, ఆ రేకులను నడిపించే ఊరి కూలీ, విద్యార్థి, రోగి ప్లాట్‌ఫాం మీద నిలబడ్డారు. మన తెలుగు రైల్వే కుటుంబాలు వారిలో భాగమే. బొగ్గు తమకు అన్నం పెట్టిందని వారు అంటే కాదనే హక్కు నాకు లేదు. కానీ రైలు ఉద్యోగి ప్రయోజనం, బొగ్గు అనుమతుల వేగం ఒకటి కావు. గేవ్రా, దీప్‌కాలలో తెరిచి ఉన్న గనులు ఆ పట్టాలకు దశాబ్దాల పని ఇవ్వగలవు. హస్‌దేవ్ అడవి కూలకపోతే బిలాస్‌పూర్ షెడ్డులో ఏ ఫిట్టరు ఉద్యోగమూ పోదు.

ఇప్పుడు పర్యావరణ మిత్రులకు నచ్చని మాట. బిలాస్‌పూర్‌కు వాయవ్యాన అచానక్‌మార్ ఉంది. 2009లో దానిని పులుల రిజర్వుగా ప్రకటించారు, ఆ ఏడాదే లోపలి ఆరు గ్రామాలను బయటకు తరలించారు. ఖాళీ చేసినవారిలో బైగాలు ఉన్నారు. ఒకవైపు బొగ్గు కోసం, మరోవైపు పులి కోసం అదే జనం మూట కట్టుకోవాలి. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. మన తెలంగాణలో 2025 మే 30న కుమురం భీం పేరిట సంరక్షణ రిజర్వును ప్రకటిస్తూ ఇచ్చిన 49వ నంబరు జీవోను ఆదివాసుల నిరసనతో జూలైలో నిలిపివేయవలసి వచ్చింది. భీం పేరు పెట్టి, ఆయన అడిగిన జల్ జంగల్ జమీన్‌లో ప్రజలను అడగకుండా గీత గీశారు. ఢిల్లీలో, హైదరాబాద్‌లో పటం ముందు పెట్టుకొని ఇది అడవికి, అది గనికి అని పంచేవారిలో అటవీ శాఖ అధికారికీ బొగ్గు శాఖ అధికారికీ తేడా చాలా తక్కువ. లేమ్రూ ఏనుగుల రిజర్వు చరిత్ర దానికి సాక్ష్యం. 2005లో శాసనసభ కోరింది, 2007లో కేంద్రం సరేనంది, 2021 దాకా నోటిఫికేషన్ రాలేదు. ఆ మధ్యకాలంలో బొగ్గు బ్లాకులకు ఇబ్బంది లేకుండా సరిహద్దులు మారుతూనే వచ్చాయి. గనికి అడ్డు వచ్చినంత మేర ఏనుగు వెనక్కి జరగాలి, పులికి అడ్డు వచ్చినంత మేర బైగా వెనక్కి జరగాలి.

అందుకే భూసంరక్షణ, అభివృద్ధి, న్యాయం అనే మూడింటినీ తక్కెడలో వేసి తూచడం నాకు సమ్మతం కాదు. న్యాయం తూకపు సరుకు కాదు. ఎవరు తూచాలో తేల్చేది అదే. ఘాట్‌బర్రా గ్రామసభ ఔనంటే గని తవ్వండి, దాని షరతుల మీద తవ్వండి. ఫలానా కొండ, ఫలానా వాగు వదిలి మిగతాది తవ్వుకోమని అంటే అలాగే చేయండి. వద్దంటే ఆపండి. గ్రామసభ ఎల్లప్పుడూ సరైన నిర్ణయమే చేస్తుందని నేను హామీ ఇవ్వలేను. పార్లమెంటు గురించి కూడా ఆ హామీ ఎవరూ ఇవ్వలేదు, అయినా దాని అధికారాన్ని ఒప్పుకుంటున్నాం.

మన రెండు రాష్ట్రాల చేతులూ శుభ్రంగా లేవు. కేసీఆర్ ప్రభుత్వం 2014లో ఛత్తీస్‌గఢ్‌తో అవగాహన కుదుర్చుకొని మరుసటి ఏడాది 1,000 మెగావాట్ల కొనుగోలు ఒప్పందం చేసుకున్నది. ఆ విద్యుత్ జాంజ్‌గీర్–చాంపా జిల్లా మర్వా కేంద్రం నుంచి వచ్చింది. దాని మీద రేవంత్ రెడ్డి ప్రభుత్వం 2024లో విచారణ కమిషన్ వేసింది. యూనిట్ ధర ఎంత, టెండరు ఎందుకు పిలవలేదు, ఖజానాకు నష్టమెంత అని పత్రికలు నెలల తరబడి రాశాయి. అడగవలసిన ప్రశ్నలే అవి. ఆ బొగ్గు ఏ ఊరి కింద నుంచి వచ్చిందని శాసనసభలో గానీ కమిషన్ చర్చల్లో గానీ ఎవరైనా గట్టిగా అడిగినట్లు నేను వినలేదు. ఆంధ్రప్రదేశ్ ఖనిజాభివృద్ధి సంస్థకు మధ్యప్రదేశ్ సింగ్రౌలీ జిల్లా సులియారీలో బొగ్గు గని ఉంది. తవ్వేది అక్కడ కూడా అదానీ సంస్థే. సింగరేణికి ఒడిశా అంగుల్ జిల్లాలో నైనీ బ్లాకు ఉంది, ఆ భూమిలో అధిక భాగం అడవి. సమత తీర్పును సాధించిన ప్రాంతం, సమత వర్తించని రాష్ట్రాలకు వెళ్లి గనులు తెరిచింది. హస్‌దేవ్‌లో రాజస్థాన్ చేస్తున్నది తప్పయితే, ఇతర రాష్ట్రాల్లో మనం చేస్తున్నదాన్ని ఏమనాలి?

చేయవలసినవి పెద్ద పెద్ద పథకాలేమీ కావు. బొగ్గు భూముల చట్టానికి 2013 చట్టంలో ఉన్న మినహాయింపును పార్లమెంటు ఒక్క సవరణతో తొలగించవచ్చు. ఘాట్‌బర్రా హక్కు పత్రాన్ని తిరిగి ఇవ్వవచ్చు. నకిలీ తీర్మానాల మీద క్రిమినల్ విచారణ పూర్తయ్యేదాకా పర్సాలో చెట్టు కొట్టకుండా ఆపవచ్చు. 2022 తీర్మానానికి చేతులెత్తిన శాసనసభ్యుల్లో ఇప్పుడు అధికార పక్షంలో ఉన్నవారు కేతే ఎక్స్‌టెన్షన్‌కు తాము అనుకూలమో వ్యతిరేకమో సభలోనే చెప్పవచ్చు. ధరమ్‌జీత్ సింగ్ నుంచి ఆ జవాబు మొదలైతే బాగుంటుంది.

మన వైపు నుంచి చేయగలిగింది ఒకటుంది. రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ నియంత్రణ మండళ్లు కొనుగోలు ఒప్పందాల మీద, చార్జీల మీద బహిరంగ విచారణలు జరుపుతాయి. అభ్యంతరం దాఖలు చేసే హక్కు ప్రతి వినియోగదారుకూ ఉంది. ఆ విచారణల్లో ఇంతకాలం మనం యూనిట్ ధర గురించే అడిగాం. ఈసారి డిస్కంల అధికారులను బొగ్గు ఏ గనిది, ఆ గ్రామసభ తీర్మానం ప్రతి ఏదీ అని రాతపూర్వకంగా అడగండి.